కృష్ణ ఒడ్డున గాలం వేయాలంటే: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని మలక్‌పేట. నాతో కలిసి చదువుకున్న మిత్రుడొకడు మిర్యాలగూడలో స్థిరపడ్డాడు. చిన్నప్పటి నుంచీ గాలం వేసే అలవాటున్నవాడు. వాడపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఒక రోజంతా కూర్చుని చేపలు పడదాం రమ్మని ఎంతో కాలంగా పిలుస్తున్నాడు. జులై రెండో వారంలో నాకు సెలవులున్నాయి. నేను ఇంతవరకు గాలం పట్టుకోలేదు, ఈత కూడా అంతంతమాత్రమే. ఆ రోజుల్లో వెళ్లవచ్చా? ఎవరి అనుమతి తీసుకోవాలి? నది దగ్గర ఏయే జాగ్రత్తలు అవసరం?

జవాబు: మీ మిత్రుడి పిలుపును తప్పకుండా మన్నించండి, కాని జులైలో మాత్రం వద్దు. మృగశిర కార్తె రోజున రాంనగర్ చేపల మార్కెట్లో కిక్కిరిసే జనాన్ని చూసి, వానలు పడగానే చేపలు పట్టడానికి మంచి కాలం వచ్చిందని నగరంలో చాలామంది అనుకుంటారు. నదికి సంబంధించినంతవరకు ఆ మాట సరికాదు. మన నదుల్లోని బొచ్చె, రవ్వ, ఎర్రమోసు అనే మూడు పెద్ద చేపలూ తొలి వరదల కోసమే ఎదురుచూస్తాయి. కొత్తనీరు వచ్చి, ప్రవాహం పెరిగి, ఒడ్డున పల్లపు నేలలు మునిగినప్పుడే అవి ఎదురీదుకుంటూ పోయి అక్కడ గుడ్లు పెడతాయి. చెరువుల్లోని నిలవ నీటిలో ఈ చేపలు ఎంత బాగా పెరిగినా తమంతట తాముగా గుడ్లు పెట్టవు. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి, చేప మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఎక్కించి వాటి చేత గుడ్లు పెట్టించేదాకా, చేపపిల్లలు కావలసినవారు ఎక్కువగా వరద నదుల్లో వెతికి ఏరి తెచ్చుకోవలసి వచ్చేది. దేశమంతా ఏటా జులై 10ని చేపల రైతుల దినోత్సవంగా జరుపుకోవడానికి కారణం అదే. చెరువులకు ఆ సూదిమందు దారి చూపింది గాని, నదిలో పుట్టవలసిన చేపకు ఈనాటికీ వరద తప్ప వేరే దారి లేదు. పెద్ద ఆడ చేప కడుపులో లక్షల సంఖ్యలో గుడ్లుంటాయి. వానాకాలంలో దాన్ని గాలానికి తగిలించడమంటే ఆ లక్షలనూ కలిపి ఒడ్డుకు లాగడమే.

వరద తగ్గి నీరు తేటపడిన తరువాత, అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా మీకు అనువైన కాలం. డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామునే వెళ్లి చలిలో వణుకుతూ కూర్చోవలసిన అవసరం లేదు, ఎందుకంటే నీరు చల్లబడినప్పుడు చేపకు ఆకలి మందగిస్తుంది, ఎండ కాస్త ఎక్కి ఒడ్డు దగ్గరి నీరు వెచ్చబడ్డాకనే అది మేతకు కదులుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇందుకు విరుద్ధంగా ఉదయం, సాయంత్రం మంచివి, మధ్యాహ్నం విశ్రాంతికి వదిలేయాలి. మిర్యాలగూడలో మీ మిత్రుడి ఇంట్లో ముందు రాత్రే దిగితే, తెల్లారేసరికి తాపీగా నది చేరుకోవచ్చు. హైదరాబాద్ నుంచి తెల్లవారుజామున బయలుదేరి, గాలం వేసి, అదే రాత్రికి నిద్రమత్తులో బండి నడుపుకుంటూ తిరిగి రావాలని మాత్రం అనుకోకండి.

ఇక అనుమతి సంగతి. నది అందరిదీ అన్న మాట వినడానికి బాగుంటుంది గాని, ఒడ్డుకు వెళ్లి చూస్తే ఆ నీటి మీద బతికేవారు అక్కడ ముందే ఉంటారు. మన రాష్ట్రంలో చెరువుల మీద చేపల హక్కు ఎక్కువగా మత్స్యకారుల సహకార సంఘాలది, జలాశయాల్లో మత్స్యశాఖ ఇచ్చే లైసెన్సుతో వల వేస్తారు. గంగపుత్రులు, ముదిరాజులు తరతరాలుగా చేస్తున్న పని ఇది. ప్రభుత్వం 2016లో మొదలుపెట్టిన ఉచిత చేపపిల్లల పంపిణీ కూడా ఆ సంఘాల జీవనోపాధి కోసం ఏర్పడిందే. అందువల్ల మీ మిత్రుడు స్థానికుడే అయినా, ముందు రోజే ఆ ఊరి సంఘం పెద్దను కలిసి, ఫలానా చోట ఇద్దరం గాలం వేసుకుంటామని చెప్పి ఆయన సమ్మతి తీసుకోమనండి. రుసుము అడిగితే ఇవ్వడం న్యాయం. నీటి మీద వరుసగా తేలుతున్న థర్మాకోల్ ముక్కలో, ఖాళీ ప్లాస్టిక్ సీసాలో కనిపిస్తే వాటి కింద కచ్చు వల ఉందని అర్థం. ఆ దరిదాపుల్లో గాలం విసరవద్దు. మీ ముల్లు తగులుకుని వల చిరిగితే దాన్ని అల్లుకోవడానికి ఆ కుటుంబానికి పనిదినాలు పోతాయి. పుట్టిలో తిరుగుతున్నవారితో నాలుగు మాటలు మాట్లాడండి. ఏ మడుగులో లోతుంది, ఏ రాయి జారుతుంది, నిన్న నీరు ఎంత మేర పెరిగింది అన్న విషయాలు వారికి తెలిసినంతగా ఏ పుస్తకానికీ తెలియవు.

నది దగ్గర జాగ్రత్త గురించి కొంచెం విస్తారంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే ఈ విషయంలో నగరవాసుల అజాగ్రత్త నన్ను నిజంగా కలవరపెడుతుంది. వాడపల్లికి ఎగువన నాగార్జునసాగర్ ఉంది, దాని దిగువన టెయిల్ పాండ్ అనే చిన్న జలాశయం ఉంది. సాగర్ 26 గేట్లలో కొన్నిటిని ఎత్తినప్పుడు సరే, పత్రికల్లో వస్తుంది, టీవీల్లో చూపిస్తారు. జలవిద్యుత్ కేంద్రంలో కరెంటు అవసరాన్ని బట్టి యంత్రాలను నడిపినప్పుడు, ఆపినప్పుడు కూడా దిగువన నీటిమట్టం మారుతుంది. పైన ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున, వానచుక్క లేకుండానే నది పెరగవచ్చునన్నమాట. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలో రాళ్ల మీద నిలబడి ఉన్న హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మందిని బలిగొన్నది వరద కాదు, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి వదిలిన నీరు. ఆ వార్త విని ఈ నగరమంతా ఏడ్చింది. అయినా ఇప్పటికీ నది మధ్యలో ఎండిన బండ కనిపిస్తే చాలు, పాదరక్షలు చేత్తో పట్టుకుని అక్కడికి నడిచే కుర్రవాళ్లను ప్రతి ఆనకట్ట దిగువనా చూస్తున్నాం.

మీరిద్దరూ కూర్చునే చోటు ఒడ్డునే ఉండాలి, వెనక్కి తిరిగి నాలుగు అడుగులు వేస్తే గట్టెక్కేలా ఉండాలి. వెళ్లగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, అప్పుడప్పుడు దాని వంక చూడండి. పుల్ల మొదలు మునిగిందంటే నీరు పెరుగుతోంది. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు తిరిగినా, నురగ, ఎండుటాకులు, పుల్లలు ఒక్కసారిగా కొట్టుకురావడం మొదలైనా, సామాను గురించి ఆలోచించకుండా పైకి వచ్చేయాలి. సైరన్ వినిపిస్తే చెప్పనక్కరలేదు. ఈత అంతంతమాత్రమే అన్నారు గనుక ఒక లైఫ్ జాకెట్ కొనుక్కోండి, కొనుక్కున్నదాన్ని కారులో పెట్టకుండా వేసుకోండి. ఈత వచ్చినవారు కూడా ఇసుక తవ్విన గుంతల్లో మునిగిపోయిన సంఘటనలు మన నదుల్లో అనేకం. మోకాలి లోతున్నదనుకున్న చోటి పక్కనే నిలువెత్తు గుంత ఉంటుంది, పైనుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. కృష్ణలో మొసళ్లు ఉన్నాయి కాబట్టి నీళ్లలో కాళ్లు వేలాడేసి కూర్చోవడం, చీకటి పడే వేళ అంచున కూర్చుని చేపలు కడగడం మానుకోవాలి. మరొకటి చాలామందికి తట్టదు. ఈ మధ్య దొరుకుతున్న రాడ్లు చాలావరకు కార్బన్‌తో చేసినవి, వాటిలో విద్యుత్తు ప్రవహిస్తుంది. తలపైన కరెంటు తీగలున్న చోట వాటిని ఎత్తి విసరకూడదు, ఉరుము వినిపించగానే కింద పెట్టి దూరంగా జరగాలి.

వాడపల్లి గురించి ప్రత్యేకంగా ఒక మాట. మన మూసీ కృష్ణలో కలిసేది అక్కడే. కూర్చునేటప్పుడు సంగమానికి ఎగువన, కృష్ణ నీరు మాత్రమే వచ్చే వైపున చోటు చూసుకోండి. ఎందుకో చివరి ప్రశ్నకు ఇచ్చిన జవాబులో చెబుతాను.

సంగారెడ్డి వైపు మంజీర దగ్గరే కదా, అంత దూరం ఎందుకని మీ ఇంట్లోవాళ్లు అనవచ్చు. సింగూరు దిగువ నుంచి మంజీరా బ్యారేజీ దాకా ఉన్న నది 1978 నుంచి వన్యప్రాణి అభయారణ్యం, మొసళ్లకు నెలవు. అక్కడ గాలం వేయడం నేరం. అలాగే సాగర్‌కు ఎగువన కృష్ణకు ఇరువైపులా పులుల అభయారణ్యాలున్నాయి, అటువైపు కూడా వెళ్లవద్దు.

ప్రశ్న: స్నేహితురాలితో కలిసి మొదటిసారి గాలం వేయబోతున్నాను. దుకాణంలో రాడ్డు, రీలు, రంగురంగుల ప్లాస్టిక్ ఎరలు అన్నీ కలిపి వేల రూపాయలు చెబుతున్నారు. ఇవన్నీ నిజంగా అవసరమా? (ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి)

జవాబు: మొదటి రోజుకు అవసరం లేదు. మంచి వెదురు కర్ర, దాని పొడవుకు సరిపడా నైలాన్ దారం, నీటి మీద తేలే ఒక బెండు, చిన్న సీసపు గుండు, నాలుగైదు గాలపు ముళ్లు ఉంటే చాలు. ముళ్లు కొనేటప్పుడు ఒక్క విషయం గుర్తుంచుకోండి: అంకె పెరిగేకొద్దీ ముల్లు చిన్నదవుతుంది. పన్నెండో నంబరు పరిగెల వంటి చిన్న చేపలకు, ఆరో నంబరు మధ్యరకం చేపలకు సరిపోతుంది. కొత్తవారు పెద్ద చేప మీద ఆశతో పెద్ద ముల్లు కట్టి, రోజంతా ఎర పోగొట్టుకుంటూ కూర్చుంటారు.

ఎర ఇంట్లోనే తయారవుతుంది. గోధుమపిండిలో పొడిచేసిన వేరుశనగ చెక్క కలిపి, నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ గట్టిగా పిసకండి. ఉండ చేసి గ్లాసుడు నీళ్లలో వేసి చూడండి. వెంటనే విడిపోతే పిండి చాలలేదు, పావుగంటైనా రాయిలా ఉంటే నీరు చాలలేదు. కాసేపు నిలిచి, ఆ తరువాత నెమ్మదిగా కరుగుతూ వాసన వదలాలి. రవ్వ, ఎర్రమోసు దీనికి వస్తాయి. జెల్లలకు వానపాముకు మించిన ఎర లేదు. వానపామును చూసి మీ స్నేహితురాలు భయపడితే ఆ పని మీరు చేయండి, అంతకంటే మార్గం నాకు తోచదు.

బెండును ఎంత ఎత్తున కట్టాలన్నది మీరు కోరే చేపను బట్టి ఉంటుంది. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పై నీటిలో మేసే చేప. రవ్వ నడిమి నీటిలో తిరుగుతుంది. ఎర్రమోసు అడుగున బురదను వెతుక్కుంటుంది. ఒక్క మడుగులోనే మూడూ ఉండి, ఒకదాని తిండికి ఒకటి పెద్దగా పోటీ పడకపోవడం వల్లనే మన చెరువుల్లో ఈ మూడింటినీ కలిపి పెంచుతారు. అందువల్ల ముల్లు అడుగుకు జానెడు ఎత్తున వేలాడేలా మొదలుపెట్టి, ఒక గంట గడిచినా కదలిక లేకపోతే బెండును కొంచెం కొంచెం కిందికి జరుపుతూ ముల్లును పైకి తెచ్చి చూడండి. మీరిద్దరూ రెండు వేర్వేరు లోతుల్లో వేస్తే ఇంకా మంచిది, ఒకరికి తగిలిన లోతు రెండోవారికి తెలిసిపోతుంది. గాలం వేసేవారికి తోడుండటంలో ఉన్న అసలైన లాభం ఇది.

బెండు వణికినంత మాత్రాన లాగకండి. అది చిన్న చేపలు ఎరను కొరుకుతున్నప్పుడు జరిగేది. రెండు మూడు సార్లు తల ఊపి పక్కకు జారుకుంటూ మునిగితే, అప్పుడు మణికట్టుతో ఒక చిన్న ఊపు ఇవ్వండి. భుజం బలమంతా పెట్టి లాగితే చేప పెదవి చిరుగుతుంది, లేదా దారం తెగుతుంది. తెగిన దారాన్ని, చిక్కుపడిన దారాన్ని ఒక్క మూర కూడా ఒడ్డున వదలకుండా సంచిలో వేసుకుని తెచ్చేయండి. నైలాన్ ఏళ్ల తరబడి కుళ్లదు, కొంగలు, నీటికాకులు కాళ్లకు చుట్టుకుని చచ్చిపోతాయి.

ప్రశ్న: నా మిత్రుడు పట్టిన ప్రతి చేపనూ ఇంటికి తేవాలంటాడు. తినేవి రెండు ఉంచుకుని మిగిలినవి నీళ్లలో వదిలేద్దామని నేనంటాను. వదిలినా అవి ఎలాగూ చచ్చిపోతాయి అన్నది అతని వాదన. ఇద్దరిలో ఎవరిది సబబు? (ఒక పాఠకుడు, సైదాబాద్)

జవాబు: మీదే సబబు. అయితే మీ మిత్రుడి మాటలోనూ కొంత నిజముంది, ఎందుకంటే వదిలే పద్ధతి తెలియకుండా వదిలితే చేప చచ్చిపోయే మాట వాస్తవమే. చేప ఒంటి మీది జిగురు పొర దానికి కవచం. పొడి చేతులతో పట్టుకున్నా, వేడెక్కిన బండ మీద పడేసినా ఆ పొర ఊడిపోయి, అక్కడ బూజు, పుండ్లు పడతాయి. చేతులు తడుపుకుని, వీలైతే చేపను నీటిలో ఉంచే ముల్లు తీయండి. ఇంటి నుంచి బయలుదేరే ముందే ముల్లు మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముక్కును పటకారుతో నొక్కి చదును చేసుకుంటే, ముల్లు ఒక్క క్షణంలో వస్తుంది. ముల్లు గొంతులోకి దిగిపోతే పెకలించవద్దు, నోటి దగ్గర దారం కత్తిరించి వదలండి. పేగులు చీలిన చేప బతకదు గాని, ముల్లుతో వదిలిన చేప చాలాసార్లు బతుకుతుంది. అలసిన చేపను నీటిలోకి విసిరేయకుండా, తలను ప్రవాహానికి ఎదురుగా ఉంచి, అది తనంతట తాను తోక ఆడించి చేతిలోంచి వెళ్లేదాకా పట్టుకోవాలి. ఫొటో తీయాలనుకుంటే ముందు ఫోను సిద్ధం చేసుకుని, ఆ తరువాతే చేపను పైకెత్తండి.

కొర్రమీను విషయంలో మీ మిత్రుడితో గట్టిగా మాట్లాడండి. అది మన రాష్ట్ర చేప. గుడ్లు పెట్టి వదిలేసే రకం కాదు. నీటి మొక్కల మధ్య గూడు చేసుకుని, పిల్లలు పుట్టాక కూడా వాటిని కాస్తుంది. ఒడ్డు దగ్గర ఎర్రటి సన్నని పిల్లలు గుంపుగా, ముద్దగా కదులుతుంటే వాటి కిందనే పెద్ద చేప ఉంటుంది. పిల్లల జోలికి ఏది వచ్చినా మీద పడే స్వభావం దానిది కాబట్టి అప్పుడు దాన్ని పట్టడం చాలా సులువు. ఆ సులువును వాడుకునేవారిని నేను మంచి వేటగాళ్లుగా లెక్కించలేను. తల్లిదండ్రులను లాగేస్తే ఆ గుంపును మిగతా చేపలు కాసేపటిలోనే తినేస్తాయి.

తిరిగి వదలకూడని చేపలూ కొన్ని ఉన్నాయి, అక్కడ మీ మిత్రుడి మాటే నెగ్గాలి. మన దేశంలో పెంపకం నిషేధించిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ దొరికితే నదిలోకి పంపవద్దు. ఒంటి నిండా గట్టి పలకలతో, నల్లటి మచ్చలతో ఉండి అక్వేరియంల నుంచి నదుల్లోకి చేరిన సక్కర్ చేప కూడా అంతే. అందరూ జిలేబీ అని పిలిచే తిలాపియా 1952లో బయటి నుంచి వచ్చిన చేప, విపరీతంగా పిల్లలు పెట్టి మిగతావాటి మేత తింటుంది. జిలేబీలు ఎన్ని పడితే అన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు, వేపుడుకు బాగుంటాయి కూడా.

ప్రశ్న: అంబర్‌పేట, మూసారంబాగ్ వైపు మూసీ ఒడ్డున కొందరు గాలాలు వేసి చేపలు పట్టడం చూస్తుంటాను. అంత దూరం వెళ్లలేని నాలాంటివారు మిత్రులతో కలిసి అక్కడే సరదాగా పట్టుకుని వండుకోవచ్చా? (ఒక పాఠకుడు, గోల్నాక)

జవాబు: దయచేసి వద్దు. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ గండిపేట దాకా మంచినీటి నదే. 1908 సెప్టెంబరు వరద తరువాత నగరాన్ని కాపాడటానికి దాని మీద కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో పూర్తయింది, ఆ నీటిని నగరం తాగింది. అదే నది నగరంలోకి వచ్చేసరికి మురుగును, పరిశ్రమల వ్యర్థాలను మోసే కాలువగా మారింది. అలాంటి నీటిలో ప్రాణవాయువు బాగా పడిపోతుంది గనుక పైకి వచ్చి గాలి పీల్చుకోగల, మార్పు అనే మీసాల చేప వంటివి, ఎలాంటి నీటినైనా తట్టుకునే జిలేబీలు ఎక్కువగా మిగులుతాయి. చేప బతికి ఉంది గనుక నీరు ఫరవాలేదని అనుకోవడం ఇందువల్లనే పొరపాటు. సీసం, పాదరసం వంటి లోహాలు చేప కండలో, కాలేయంలో పేరుకుంటాయి, ఎంతసేపు ఉడికించినా, ఎంత చింతపండు పులుసు పోసినా పోవు. గర్భిణులకు, పసిపిల్లలకు వాటి వల్ల కలిగే హాని ఇంకా ఎక్కువ. వాడపల్లిలో సంగమానికి ఎగువన కూర్చోమని మలక్‌పేట పాఠకుడికి చెప్పింది కూడా ఈ కారణంతోనే.

పట్టి వదిలేద్దామనుకున్నా అక్కడ వద్దు. ముల్లు వేలికి గుచ్చుకుంటే ఆ నీటిలోని క్రిములు నేరుగా రక్తంలోకి పోతాయి. ఇప్పటికే అలా గుచ్చుకున్నవారెవరైనా ఉంటే గాయాన్ని సబ్బుతో బాగా కడిగి, అదే రోజు డాక్టరును కలిసి టెటనస్ సూదిమందు గురించి అడగాలి. దూరం వెళ్లలేకపోతే నగరం చుట్టుపక్కల రుసుము తీసుకుని గాలం వేయనిచ్చే ప్రైవేటు చెరువులున్నాయి. నదిలో ఉండే ఆనందం అక్కడ పూర్తిగా దొరకదు గాని, ఇద్దరు మిత్రులు చెట్టు నీడన కూర్చుని బెండు వంక చూస్తూ ఒక పూట గడపడానికి, కొత్తవారు చేయి కుదురు చేసుకోవడానికి సరిపోతాయి. వెళ్లే ముందు ఆ చెరువులోకి నీరు ఎక్కడి నుంచి వస్తుందో యజమానిని అడిగి తెలుసుకోండి, బోరు నీరో వాన నీరో అయితేనే చేపను ఇంటికి తెచ్చుకోండి.